సంతకం పెట్టిన రోజు

2023 నవంబరు 11, శనివారం రాత్రి. టెక్సస్‌లో కాలేజ్ స్టేషన్ అనే ఊళ్ళో, కైల్ ఫీల్డ్ స్టేడియంలో మా టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు మిసిసిపీ స్టేట్ మీద 51–10తో గెలిచింది. మా అబ్బాయీ నేనూ గొంతులు పోయేలా అరిచి, బాగా పొద్దుపోయాక ఇల్లు చేరాం. ఆదివారం పొద్దున నేను పెనం మీద దోసె తిరగేస్తుంటే వాడు ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"నాన్నా, కోచ్‌ని తీసేశారు."

"ఎవరి కోచ్‌ని రా?"

"మన కోచ్‌నే."

ముందురోజు రాత్రి నలభై ఒక్క పాయింట్ల తేడాతో గెలిపించిన మనిషి పేరు జింబో ఫిషర్. ఆయన్ని ఇంటికి పంపినందుకు యూనివర్సిటీ ఆయనకు ఇవ్వాల్సిన మొత్తం 7.6 కోట్ల డాలర్లు. ఆనాటి మారకంలో 630 కోట్ల రూపాయలు. కాలేజీ ఆటల చరిత్రలో ఒక కోచ్‌ని మాన్పించడానికి అంత సొమ్ము అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు.

ఆ వారంలోనే తెనాలి నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ నేర్పేవాడు. విషయం చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు: "పని చేసినందుకు డబ్బిస్తారు గానీ, పని మానెయ్యమని చెప్పడానికి అంత డబ్బెందుకురా ఇస్తారు?"

అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాతి రెండేళ్ళలో పెన్ స్టేట్, ఎల్ఎస్‌యూ, ఫ్లోరిడా, ఆబర్న్ లాంటి పెద్ద పెద్ద యూనివర్సిటీలన్నీ అదే పని చేయడం చూశాక జవాబు కొంత దొరికింది. బాబాయికి చెప్పినట్టే ఇక్కడా చెబుతాను.

ముందు ఈ ఆట సంగతి. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకలో పెట్టుకుని పరిగెత్తుతూ ఆడే ఆట. అమెరికాలో దీనికి రెండు అంతస్తులున్నాయి. పైది వృత్తి ఆటగాళ్ళ లీగు. కిందిది కాలేజీలది. మన దగ్గర కాలేజీ టోర్నమెంటు అంటే చుట్టూ వందమంది స్నేహితులు, ఒక షామియానా. ఇక్కడ అలా కాదు. కైల్ ఫీల్డ్‌లో 1,02,733 మంది పడతారు. కాలేజ్ స్టేషన్ ఊరి జనాభా 2020 లెక్కల్లో లక్షా ఇరవై వేలు. అంటే ఊరు ఊరంతా కదిలొచ్చి కూర్చున్నా కొద్దిమందికి మాత్రమే చోటు చాలదు. అన్నట్టు, మా విద్యార్థులు కూర్చోరు. 1922 జనవరిలో డల్లాస్‌లో జరిగిన ఆటలో మా జట్టుకు దెబ్బలు తగిలి ఆడేవాళ్ళు తక్కువైతే, గ్యాలరీలో ఉన్న కింగ్ గిల్ అనే కుర్రాడు కిందికి దిగి, జట్టు బట్టలు తొడుక్కుని, పిలిస్తే ఆడడానికి సిద్ధంగా చివరిదాకా నిలబడ్డాడట. అప్పటినుంచి మావాళ్ళు ఆట నడిచినంతసేపూ నిలబడే ఉంటారు. నేను ఎంఎస్ చేసిన రెండేళ్ళూ అలాగే నిలబడ్డాను. మొదటి ఆటకు రూమ్మేట్లు లాక్కుపోతే వెళ్ళాను. రెండో ఆటకు నేనే వాళ్ళని లేపి తీసుకెళ్ళాను.

అంత జనం, అంత టీవీ సొమ్ము. కానీ ఆటగాళ్ళు విద్యార్థులు కాబట్టి వాళ్ళకు జీతం ఇవ్వకూడదని దశాబ్దాల పాటు రూలు ఉండేది. వచ్చే డబ్బు ఎక్కడికో వెళ్ళాలి కదా. స్టేడియాలకు వెళ్ళింది, కోచ్‌లకు వెళ్ళింది. అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగుల్లో అందరికన్నా పెద్ద జీతం గవర్నరుదీ కాదు, యూనివర్సిటీ అధ్యక్షుడిదీ కాదు. ఫుట్‌బాల్ కోచ్‌దో బాస్కెట్‌బాల్ కోచ్‌దో.

ఇక ఒప్పందం. కోచ్‌తో యూనివర్సిటీ ఆరేళ్ళకో పదేళ్ళకో రాసుకుంటుంది. మధ్యలో ఆట బాగోలేదని తీసేస్తే మిగిలిన ఏళ్ళ జీతంలో ఇంత శాతం ఇస్తామని అందులో ఉంటుంది. దీన్నే బయౌట్ అంటారు. ఒక్కొక్కరికి ఒక్కో రకం. కొందరి ఒప్పందంలో, తీసేసిన తర్వాత కోచ్ ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలనీ, అక్కడ వచ్చే జీతం మేరకు ఇక్కడిచ్చేది తగ్గుతుందనీ ఒక షరతు ఉంటుంది. ఆ ఒక్క వాక్యం విలువ ఎంతో చూడండి. 2025 అక్టోబరు 12న పెన్ స్టేట్ తన కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను తీసేసినప్పుడు దాదాపు 4.9 కోట్ల డాలర్లు బాకీ పడింది. నవంబరులో ఆయనకు వర్జీనియా టెక్‌లో ఉద్యోగం దొరికింది. పెన్ స్టేట్ 90 లక్షల డాలర్లకు లెక్క తేల్చుకుని బయటపడింది. మా ఫిషర్ ఒప్పందంలో ఆ వాక్యం లేదు. ఆయన మర్నాడే వేరేచోట చేరినా మా యూనివర్సిటీ ఇచ్చేదాంట్లో ఒక్క డాలరు తగ్గదు. 2031 దాకా ఏటా చెక్కు వెళ్తూనే ఉంటుంది.

అంత తెలివైనవాళ్ళు, లాయర్లను పక్కన పెట్టుకుని, ఆ వాక్యం లేకుండా సంతకం ఎలా పెట్టారు? నా ఉద్దేశంలో అసలు ప్రశ్న ఇదే. కోచ్‌ని తీసేసిన రోజున అభిమానులం కోచ్ మీద అరుస్తాం, తీసేసిన వాళ్ళ మీద అరుస్తాం. ఆ రోజు మారేదేమీ ఉండదు. డబ్బు పోయేది సంతకం పెట్టిన రోజున. ఆ రోజున మాత్రం మనం చప్పట్లు కొడుతూ ఉంటాం. నేనూ కొట్టాను.

ఫిషర్ 2013లో ఫ్లోరిడా స్టేట్‌ను జాతీయ విజేతగా నిలబెట్టినవాడు. 2017 డిసెంబరులో మావాళ్ళు ఆయన్ని పదేళ్ళకు, 7.5 కోట్ల డాలర్లకు తెచ్చారు. మొత్తం గ్యారంటీ. వచ్చిన కొత్తలో మా యూనివర్సిటీ వ్యవస్థ ఛాన్సలర్ జాన్ షార్ప్ ఆయనకొక ఫలకం బహూకరించాడు. "జాతీయ విజేతలు" అని రాసి, సంవత్సరంలో మొదటి రెండంకెలు మాత్రం చెక్కించి, చివరి రెండంకెలు ఖాళీగా వదిలారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలంటారు. ఆ ఫొటో చూసినప్పుడు నాకు ఆ సామెత గుర్తుకు రాలేదు. ఒళ్ళు పులకరించింది. 1939 తర్వాత మాకు జాతీయ విజయం లేదు. డెబ్భై ఎనిమిదేళ్ళ ఆకలితో ఉన్నవాడికి ఖాళీ విస్తరి కూడా భోజనంలాగే కనిపిస్తుంది.

2020లో, కోవిడ్ ఏడాది, మా జట్టు 9 గెలిచి ఒక్కటే ఓడింది. 2021 సెప్టెంబరులో, కొత్త సీజను మొదలవుతుండగా, ఇంకా ఆరేళ్ళకు పైగా మిగిలి ఉన్న ఒప్పందాన్ని 2031 దాకా పొడిగించారు. జీతం ఏడాదికి 90 లక్షల డాలర్లు దాటింది. ఎందుకు? ఇంకొకరు ఎత్తుకుపోతారేమోనని. మరుసటి ఏడాది, 2022లో, దేశంలోకెల్లా మేటి కుర్రాళ్ళని చేర్చుకుని కూడా 5 గెలిచి 7 ఓడాం. అప్పలాచియన్ స్టేట్ అనే చిన్న కాలేజీ మా స్టేడియంకి వచ్చి 17–14తో ఓడించి వెళ్ళింది. ఆ రోజు "తీసేయండి" అని అరిచిన వాళ్ళలో నేనూ ఉన్నాను. మా అబ్బాయి నా పక్కనే నిలబడి నా మొహంలోకి చూస్తున్నాడు.

2021 శరదృతువు గురించి కాస్త ఆగి చెప్పాలి. ఈ కథంతా ఆ మూడు నెలల్లోనే ఉంది. సెప్టెంబరులో దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీ కోచ్‌ను తీసేసింది. అక్టోబరులో లూసియానా స్టేట్, అంటే ఎల్ఎస్‌యూ, కూడా తీసేసింది. అక్కడ ఎడ్ ఓర్జెరాన్ 2019లో జాతీయ విజేత. ఆ గెలుపు వేడిలో కొత్త ఒప్పందం రాసిచ్చారు. రెండేళ్ళు తిరక్కుండానే కోటీ డెబ్భై లక్షల డాలర్ల దాకా ఇచ్చి పంపించారు. రెండు పెద్ద కుర్చీలు ఒకేసారి ఖాళీ అయ్యాయి. ఇక దేశంలో ప్రతి యూనివర్సిటీకీ మావాణ్ణి ఎత్తుకుపోతారేమోనన్న గుబులు పట్టుకుంది. నవంబరు చివరి వారంలో వరసగా సంతకాలు. పెన్ స్టేట్ ఫ్రాంక్లిన్‌కు పదేళ్ళు రాసింది. మరునాడు మిషిగన్ స్టేట్ మెల్ టకర్ అనే కోచ్‌కు పదేళ్ళు, 9.5 కోట్లు. ఆయన్ని 2023లో లైంగిక వేధింపుల ఆరోపణ మీద తీసేయాల్సి వచ్చింది. ఎల్ఎస్‌యూ మాత్రం నోటర్ డామ్ నుంచి బ్రయాన్ కెల్లీని ఎత్తుకొచ్చింది. ఆయనకూ పదేళ్ళు, 9.5 కోట్లే.

బాబాయికి ఇది చెప్పినప్పుడు ఆయన వెంటనే పట్టేశాడు. "మిరప రేటు పెరుగుతోందని ఊరంతా ఒకేసారి మిరపే వేసినట్టుంది" అన్నాడు. గుంటూరు జిల్లా మనిషికి ఇంతకన్నా విడమర్చి చెప్పక్కర్లేదు. భయం ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఆ భయాన్ని పెంచే మనుషులూ ఉంటారు. కోచ్‌ల తరఫున బేరమాడే ఏజెంట్లలో జిమ్మీ సెక్స్‌టన్ అనే ఆయన ఒకడు. ఫిషర్‌కు ఆయనే, తర్వాత చెప్పబోయే లేన్ కిఫిన్‌కూ ఆయనే ఏజెంటు. ఒకే మనిషి దగ్గర అటు కుర్చీ ఖాళీగా ఉన్న యూనివర్సిటీ ఫోన్లూ, ఇటు కోచ్ పోతాడని బెంగపడే యూనివర్సిటీ ఫోన్లూ ఉంటే బేరం ఎటు మొగ్గుతుందో చెప్పాలా? ఆయన తప్పు చేస్తున్నాడని కాదు. తన పని బాగా చేస్తున్నాడు. బల్లకు ఇవతలి వైపు అంత బాగా పని చేసేవాళ్ళు కూర్చోవడం లేదు.

ఇవతలి వైపు కూర్చునేది అథ్లెటిక్ డైరెక్టర్. అంటే యూనివర్సిటీలో ఆటల విభాగం మొత్తానికి పెద్ద. 2017లో ఫిషర్‌ను మా దగ్గరకు తెచ్చిన డైరెక్టర్ స్కాట్ వుడ్‌వర్డ్. 2019లో ఆయన ఎల్ఎస్‌యూకు వెళ్ళిపోయాడు. అక్కడ ఓర్జెరాన్‌కు కొత్త ఒప్పందం, తర్వాత కెల్లీకి పదేళ్ళ ఒప్పందం ఆయన హయాంలోనే జరిగాయి. మా దగ్గర 2021లో పొడిగించినప్పుడు, 2023లో తీసేసినప్పుడు ఉన్న డైరెక్టర్ రాస్ బ్యోర్క్. తీసేసిన రెండు నెలలకు ఆయనకు ఒహాయో స్టేట్‌లో ఇంకా పెద్ద పదవి వచ్చింది. వాళ్ళ నిజాయితీని నేను శంకించడం లేదు. అప్పు రాసిన చేయి ఒకటి, తీర్చే చేయి ఇంకొకటి అయినప్పుడు రాసేటప్పుడు కలం వణకదు. నాకు కనిపించిన పెద్ద జబ్బు ఇది.

డబ్బు ఎక్కడిదని కూడా బాబాయి అడిగాడు. ప్రభుత్వ యూనివర్సిటీ కదా, ప్రజల పన్నులా? కాదు. టికెట్లు, టీవీ హక్కులు, పెద్ద దాతలు. మా దగ్గర దాతల సంఘం, ఆటల విభాగం కలిసి ఆ భారం మోశాయి. పన్ను డబ్బు కాకపోయినా ఎక్కడో ఒకచోట తగ్గాల్సిందే. 2025 జూన్‌లో జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించిన రాజీ వల్ల, ఇప్పుడు కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బివ్వవచ్చు. మొదటి ఏడాదికి ఒక యూనివర్సిటీ అన్ని ఆటల వాళ్ళకూ కలిపి ఇవ్వగలిగింది దాదాపు 2.05 కోట్ల డాలర్లు. అంటే మా కాలేజీలో ఆడే పిల్లలందరికీ మూడున్నరేళ్ళ పాటు పంచగలిగినంత సొమ్ము, ఆడించడం మానేసిన ఒక్క మనిషికి వెళ్తోంది. నన్ను రాత్రిళ్ళు నిద్రపోనివ్వని లెక్క ఇదే.

2021లో నాటినవన్నీ 2025 శరత్తులో కోతకొచ్చాయి. అక్టోబరు 25న మా జట్టు బేటన్ రూజ్ వెళ్ళింది, ఎల్ఎస్‌యూ మీద ఆడడానికి. సగం ఆటకు వాళ్ళదే పైచేయి, 18–14. రెండో సగంలో మావాళ్ళు 35 పాయింట్లు కొట్టారు. చివరికి 49–25. ఇంకా ఆట మిగిలుండగానే గ్యాలరీలు ఖాళీ అయిపోవడం టీవీలో కనిపించింది. మర్నాడు ఆదివారం కెల్లీని తీసేశారు. బాకీ 5.4 కోట్ల డాలర్లు. ఆ వారంలోనే లూసియానా గవర్నర్ జెఫ్ లాండ్రీ విలేఖరుల ముందుకొచ్చి, ఇలాంటి ఒప్పందాలు ఇక కుదరవనీ, తర్వాతి కోచ్‌ని వుడ్‌వర్డ్ ఎంచుకోడనీ ప్రకటించాడు. మర్నాడే వుడ్‌వర్డ్ పదవి పోయింది. ఒక గవర్నరు కాలేజీ కోచ్ నియామకంలో వేలు పెట్టడం నాకు నచ్చలేదు. కానీ సంతకం పెట్టిన చేతిని మొదటిసారి ఎవరో నిలదీశారు కదా అనిపించిన మాట కూడా దాచను.

సీజను మధ్యలోనే ఎందుకు తీసేస్తారు, చివరిదాకా ఆగలేరా అని మా అబ్బాయి అడిగాడు. కారణం క్యాలెండరు. హైస్కూలు పిల్లలు ఏ కాలేజీలో ఆడాలో డిసెంబరు మొదటి వారంలో సంతకాలు పెడతారు. జనవరిలో ఇప్పటికే కాలేజీల్లో ఉన్నవాళ్ళు వేరే కాలేజీకి మారే కిటికీ తెరుచుకుంటుంది. కొత్త కోచ్ డిసెంబరుకు ముందే కుర్చీలో లేకపోతే ఆ రెండు పంటలూ పోయినట్టే. అందుకని సెప్టెంబరులోనే తీసేస్తున్నారు. ఆట ఇంకా నడుస్తుండగానే, ఉన్న పిల్లల్ని పక్కనపెట్టి రాబోయే పిల్లల కోసం పరుగెడుతున్నారన్నమాట.

ఉన్న పిల్లల సంగతి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. పదిహేడేళ్ళ కుర్రాడి ఇంటికి కోచ్ స్వయంగా వస్తాడు. సోఫాలో కూర్చుని, వాళ్ళమ్మ పెట్టింది తిని, మీవాణ్ణి నా కొడుకులా చూసుకుంటానంటాడు. ఆ మాట నమ్మి వాడు వెయ్యి మైళ్ళు దాటి వెళ్తాడు. ఒక రోజు ఫోన్‌లో మెసేజ్ వస్తుంది, పొద్దున్నే మీటింగ్ అని. 2021 నవంబరు చివర నోటర్ డామ్ పిల్లలకు అలాగే వచ్చింది. 11 గెలిచి ఒక్కటే ఓడిన జట్టు. జాతీయ పోటీకి చేరే ఆశ ఇంకా మిగిలే ఉంది. పన్నెండేళ్ళు అక్కడున్న కెల్లీ కొద్ది నిమిషాలు మాట్లాడి ఎల్ఎస్‌యూకు వెళ్ళిపోయాడు. సరిగ్గా నాలుగేళ్ళకు అదే ఎల్ఎస్‌యూ మళ్ళీ అదే పని చేసింది. 2025లో మిసిసిపీ యూనివర్సిటీ, అందరూ ఓల్ మిస్ అంటారు, 11 గెలిచి ఒకటి ఓడి మొదటిసారి జాతీయ ప్లేఆఫ్స్‌కు వెళ్తోంది. నవంబరు 30న దాని కోచ్ లేన్ కిఫిన్ ఎల్ఎస్‌యూకు సంతకం పెట్టాడు. ప్లేఆఫ్స్ దాకా ఉండి ఆడిస్తానన్నాడు. డైరెక్టర్ కీత్ కార్టర్ ఒప్పుకోలేదు. నేను కార్టర్ పక్షాన ఉన్నాను. వెళ్తానని చెప్పినవాడి చేతికి పిల్లల్ని అప్పగించలేరు.

ఆ పిల్లలు ఏం చేశారో చెప్పాలని ఉంది. జట్టులోనే ఉన్న సహాయ కోచ్ పీట్ గోల్డింగ్‌ను పెద్ద కోచ్ చేశారు. వాళ్ళు టులేన్‌ను ఓడించారు. జనవరి 1న జార్జియాను 39–34తో ఓడించారు. సెమీఫైనల్లో మయామీ చేతిలో నాలుగు పాయింట్లతో ఓడారు. నోటర్ డామ్ కూడా నాలుగేళ్ళ కింద అలాగే లోపలి మనిషి మార్కస్ ఫ్రీమన్‌కు పగ్గాలిచ్చింది. ఆయన మూడేళ్ళలో జట్టును ఫైనల్‌కు తీసుకెళ్ళాడు. పిల్లలకు పేరున్న కోచ్ కన్నా, తమ పేర్లు తెలిసిన కోచ్ అవసరం ఎక్కువని నాకనిపిస్తుంది.

మన ఆటల్లో ఈ తిప్పలు వేరే తీరుగా ఉంటాయి. 2014లో బ్యాడ్మింటన్ తార సైనా నెహ్వాల్ హైదరాబాద్‌లో కోచ్ గోపీచంద్‌ను విడిచి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరకు వెళ్ళినప్పుడు మన ఇళ్ళల్లో ఎంత చర్చ జరిగిందో గుర్తుండే ఉంటుంది. 2015లో ఆమె ప్రపంచ నంబర్ వన్ అయింది. 2017లో మళ్ళీ గోపీచంద్ దగ్గరకే వచ్చింది. అక్కడ వెళ్ళిందీ ఆమే, తిరిగొచ్చిందీ ఆమే. మనసుకు కష్టమైనా నిర్ణయం ఆడేవాళ్ళ చేతిలో ఉంది. కాలేజీ ఫుట్‌బాల్‌లో చాలాకాలం అది లేదు. కోచ్ రాత్రికి రాత్రి వెళ్ళిపోవచ్చు గానీ, కుర్రాడు కాలేజీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2021లో ఆ రూలు సడలించారు. ఇప్పుడు పిల్లలు కూడా మారుతున్నారని విసుక్కునే అభిమానులు మావాళ్ళలో చాలామంది ఉన్నారు. నేను వాళ్ళతో ఏకీభవించను. పెద్దవాళ్ళు చేసిన పనే పిల్లలు చేస్తున్నారు, అదీ పెద్దవాళ్ళ తర్వాత.

బాబాయికి ఈ ముక్క చెప్పినప్పుడు తన బదిలీ కథ చెప్పాడు. ఒక ఏడాది బడి మధ్యలో ఆర్డరొచ్చింది. పన్నెండు కిలోమీటర్ల అవతలి ఊరు. అప్పటికి కబడ్డీ జట్టు జిల్లా పోటీలకు తయారవుతోంది. వెళ్ళిన మూడో రోజు సాయంత్రం కొత్త బడి గేటు దగ్గర రెండు సైకిళ్ళు ఆగాయి. ఒక్కో సైకిలు మీద ముగ్గురు. "సార్, గంట సేపు చెప్పండి, వెళ్ళిపోతాం" అన్నారట. పోటీలయ్యేదాకా రోజూ వచ్చారు. కొత్త బడి పిల్లల్నీ వాళ్ళనీ ఎదురెదురుగా ఆడించాడు. ఇది నాకు చెబుతున్నప్పుడు ఆ ఆరుగురి పేర్లూ ఇంటిపేర్లతో సహా చెప్పాడు.

మార్పే తప్పని నేననడం లేదు. ఇండియానా యూనివర్సిటీని చూడండి. మొదటినుంచీ ఓటములకు పేరు పడ్డ జట్టు. 2023లో 3 గెలిచి 9 ఓడింది. కోచ్‌ని మార్చారు. తెచ్చింది పెద్ద పేరున్న వాణ్ణి కాదు. కర్ట్ సిగ్నెటి, అరవై రెండేళ్ళ మనిషి. 2011లో అలబామాలో మహామహుడు నిక్ సేబన్ దగ్గర సహాయకుడి ఉద్యోగం మానుకుని, జీతం తగ్గినా సరేనని ఒక చిన్న కాలేజీలో పెద్ద కోచ్‌గా చేరినవాడు. అక్కణ్ణుంచి మెట్టు మెట్టుగా జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ దాకా వచ్చాడు. ఎక్కడికెళ్ళినా గెలిచాడు. ఇండియానాకు వస్తూ తన పాత ఆటగాళ్ళలో చాలామందిని వెంట తెచ్చుకున్నాడు. మొదటి ఏడాదే 11 గెలుపులు. రెండో ఏడాది పదహారుకు పదహారూ గెలిచి, 2026 జనవరిలో జాతీయ విజేత. ఇండియానా వాళ్ళు చూసింది పేరు కాదు, పదమూడేళ్ళ పని.

ఓపికకు ఇంకో కథ ఉంది, బాస్కెట్‌బాల్‌లో. 1980లో డ్యూక్ యూనివర్సిటీ మైక్ షషెవ్‌స్కీ అనే ముప్పై మూడేళ్ళ వాణ్ణి తెచ్చింది. మొదటి మూడేళ్ళలో 38 గెలుపులు, 47 ఓటములు. మూడో ఏడాది చివరి ఆటలో వర్జీనియా చేతిలో 109–66. దాతలంతా తీసేయమన్నారు. డైరెక్టర్ టామ్ బట్టర్స్ 1984 జనవరిలో ఏం చేశాడంటే, ఆయన్ని పిలిచి కొత్త ఐదేళ్ళ ఒప్పందం చేతిలో పెట్టాడు. ఆ సమయంలో షషెవ్‌స్కీని ఎత్తుకుపోవడానికి ఎవరూ కాచుకు కూర్చోలేదు. ఎవరికో భయపడి పెట్టిన సంతకం కాదది. రోజూ ప్రాక్టీసు చూసి, పిల్లలతో ఆయనెలా మాట్లాడుతున్నాడో చూసి పెట్టింది. ఆ కోచ్ 2022 దాకా, నలభై రెండేళ్ళు అక్కడే ఉండి ఐదు జాతీయ విజయాలు తెచ్చాడు.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను. ఫిషర్ తర్వాత మా కోచ్ మైక్ ఎల్కో. అంతకుముందు నాలుగేళ్ళు మా దగ్గరే ఫిషర్ కింద పనిచేసి, డ్యూక్‌కు వెళ్ళి పెద్ద కోచ్‌గా గెలిచి వచ్చినవాడు. రెండో ఏడాది, 2025లో, వరసగా పదకొండు గెలిచాం. నవంబరులో, ఇంకా రెండాటలు మిగిలుండగానే, ఆయనకు కొత్త ఆరేళ్ళ ఒప్పందం ప్రకటించారు. ఏడాదికి కోటీ పది లక్షల డాలర్లకు పైగా. అప్పటికి పెన్ స్టేట్, ఎల్ఎస్‌యూ, ఫ్లోరిడా, ఆబర్న్ కుర్చీలు నాలుగూ ఖాళీ. పెన్ స్టేట్ కోచ్‌ని తీసేసిన నాలుగు రోజులకే ఇండియానా కూడా సిగ్నెటికి ఎనిమిదేళ్ళు రాసింది. ఎల్కో అంటే నాకు ఇష్టం. ఆయన జట్టు ఆడే తీరంటే ఇంకా ఇష్టం. అయినా ఆ వార్త చదివినప్పుడు మొదట వెతికింది జీతం కాదు. తీసేస్తే ఏమవుతుందో చెప్పే వాక్యం ఎక్కడుందా అని.

డిసెంబరు 20న ప్లేఆఫ్ ఆట మా స్టేడియంలోనే. మయామీ 10–3తో గెలిచింది. బయటికొచ్చేసరికి మా అబ్బాయి మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. కారు హైవే ఎక్కాక బాబాయి ఫోను. తెనాలిలో ఇంకా తెల్లవారలేదు.

"ఓడారటగా. కొత్తాయన సంతకం ఎప్పుడు పెట్టాడన్నావు?"

"నవంబర్లో, బాబాయ్. ఇంకా రెండాటలు మిగిలుండగా."

ఆయన ఊఁ కొట్టాడు. "కోచ్ సంగతి సరే. పిల్లలెవరైనా వెళ్ళిపోతున్నారా?"

వెనక సీట్లోంచి మా అబ్బాయి ముందుకు వంగి ఫోన్‌లోకి చెప్పాడు: "ఇంకా తెలీదు తాతయ్యా. జనవరి 2న తెరుస్తారు."

"నీకు తెలిసినవాళ్ళ పేర్లు చెప్పు, వింటాను" అన్నాడు బాబాయి. వాడు నంబర్లతో సహా మొదలుపెట్టాడు.